కారుకు అమ్మోరు పోసినప్పుడు

ఆ రోజుల్లో ఒంటి మీద చుక్కలు కనిపిస్తే మా వీధిలో ముందు గుర్తొచ్చేది వేపమండే, డాక్టరు తర్వాత. అందుకే నిన్న ఫోనులో నువ్వు, "అవ్వా, తెల్లకారు మీద ఎర్రచుక్కలొచ్చినాయి, గోకెయ్యనా?" అంటే నాకు నవ్వాగలేదు. గోకొద్దు నాయనా. అది ఇనుప పొడి, పెయింటులో దిగబడి తుప్పు పట్టింది. ఇప్పుడు దానికి మందు దొరుకుతుందట కదా, చల్లితే ఊదారంగు నీళ్లుగా కారుతుందట. నీడలో చల్లి, ఆరకముందే కడిగెయ్.

చిత్తూరులో నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు మా మామకొక తెల్లకారు ఉండేది. మీ తాత నాకు అందులో డ్రైవింగు నేర్పేవారు (గేరు మార్చడంకంటే ఆయన చేత తిట్లు తినడమే నాకు ముందు వచ్చింది). కోడలు స్టీరింగు పట్టడం మామకు గిట్టలేదు. నాతో ఒక్కమాట అనకుండా, కారే అమ్మేద్దామని పూతలపట్టు నుంచి బేరగాణ్ణి రమ్మన్నారు. నేను వంటింట్లో ఉల్లిపాయల మీద నెపం పెట్టి ఏడ్చాను. మా అత్త చూసింది.

ఆ రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. తెల్లారి చూస్తే కారు నిండా ఎర్రచుక్కలు. మామ వేలితో తడిమి, రవ్వలా తగులుతోందని, పక్కన కిటికీ గ్రిల్లులు కోసే షాపు నుంచి ఎగిరొచ్చిన ఇనుప పొడేనని మొత్తుకున్నారు. అత్త ఆ మాట వినిపించుకుంటేనా? వేపమండలు విరుచుకొచ్చి బానెట్టుకూ తలుపులకూ కట్టి, పసుపునీళ్లు చల్లింది.

"అమ్మోరు పోసుండాది. దిగేదాకా కారు గేటు దాటకూడదు."

బేరగాడు గేటు బయటే చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. "వద్దులేప్పా. తల్లి కూర్చోనుండే బండిని నేనెట్ల తోలకపొయ్యేది?" అని, వచ్చిన బస్సులోనే వెనక్కి పోయాడు. అమ్మోరు పోసిన కారని ఊర్లో పేరుపడ్డాక మరెవరూ బేరానికి రాలేదు.

తర్వాత మీ తాతా నేనూ సబ్బునీళ్లు పోస్తూ, పెయింటరు ఇచ్చిన బంకముద్దతో సుతారంగా రుద్ది ఆ చుక్కలన్నీ తీసేశాం. మైనం పట్టించి, షాపు గాలి తగలని పెరటివైపు పట్టా కప్పి పెట్టాం. అమ్మోరు దిగింది కాబట్టి గుడికి పోవాలంది అత్త. నన్నే తోలమని, ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. మలుపు దగ్గర ధైర్యం చేసి అడిగాను.

"అత్తా, నిజ్జంగా అమ్మోరనే అనుకుంటివా?"

"ముందు రోడ్డు సూడు మే," అనింది, కిటికీ వైపు తిరిగి.

చూస్తూనే ఉన్నాను, ఇన్నేళ్లుగా. ఆ జవాబును తనతోనే తీసుకుని, ఆమె ఒకనాడు ఈ లోకం నుంచే దిగి వెళ్లిపోయింది.