టాకో టీచరమ్మకు వినబడని గంట

గాంబియా నది ఒడ్డున మా ఊళ్లో ఓటంటే గోళీ. తెర వెనక ఒక్కో అభ్యర్థికి ఒక్కో డ్రమ్ము ఉంటుంది. గొట్టంలో గోళీ వేస్తే లోపలి గంట ఠంగుమంటుంది. రెండుసార్లు మోగిందా, దొంగ ఓటు. అసలు మోగలేదా, గోళీ జేబులోనే ఉందన్నమాట. ముప్ఫై ఏళ్లుగా బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఆ గంట వినేది టాకో దార్బో, రిటైరైన పంతులమ్మ.

ఆమెవి పాము చెవులు. ఓటు గంటలో కలిసిపోతుందని, పోలింగు రోజున పొలిమేరలో సైకిలు గంట మోగినా ఊరుకునేది కాదు. ఓసారి సొంత మొగుడే సైకిలెక్కి వస్తే, దాన్ని వేరుశెనగ చేలో వదిలించి ఎండలో నడిపించింది.

ఈసారి ఆమె గుండెల్లో రాయి పడింది. పొద్దుటి నుంచీ గంటలు ఎక్కడో నూతిలోంచి మోగుతున్నట్టున్నాయి. చెబితే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే ఊళ్లో తనెవరు? చెప్పలేదు.

పదింటికి చేపలమ్మే ఫమారా తెర వెనక నుంచి వచ్చాడు. ఆమెకేమీ వినబడలేదు.

"ఏరా, గోళీ ఏది? జేబు చూపించు!"

"వేశాను టీచరమ్మా! మోగింది కదా!"

"నా దగ్గర చదువుకుని నాకే అబద్ధం చెబుతావా?"

ఫమారా కళ్ల నీళ్లతో జేబులు తిరగేశాడు. వక్కల్లా నమిలే కోలా గింజలు రెండు రాలాయి, అంతే. అప్పటిదాకా ఉప్పూ నిప్పూలా ఉన్న రెండు పార్టీల ఏజెంట్లూ ఒక్క గొంతుతో, "మోగింది టీచరమ్మా" అన్నారు.

టాకోకు తల కొట్టేసినట్టయింది. పరధ్యానమని సర్దేసుకున్నా ఎవరూ నోరెత్తరు. ఆమెంటే అంత భయం, అంత ప్రేమ. అయినా లేచింది.

"నా చెవులు పోయాయర్రా. పొద్దున్నే చెప్పాల్సింది. తప్పు నాది, ఫమారా."

"కూర్చోండమ్మా, మోగితే మేం చెబుతాంగా," అన్నాడొక ఏజెంటు.

"అలాగే ఒకాయన్ని దేశాధ్యక్షుడి కుర్చీలో ఇరవై రెండేళ్లు కూర్చోబెట్టాం. దింపడానికి తల ప్రాణం తోకకొచ్చింది!"

సహాయకురాలు సీరాను కుర్చీలో కూర్చోబెట్టి, వెళ్లి వరసలో చివర నిలబడింది. తన వంతు రాగానే గోళీ వేసింది. చెవి ఒగ్గి నిలబడింది. ఏమీ లేదు. బయటికొచ్చి చిన్నపిల్లలా అడిగింది, "మోగిందా?"

"ఏదీ, ముందు జేబు చూపించండి," అన్నాడు గుమ్మం దగ్గరే ఆగిపోయిన ఫమారా.

టాకో బుద్ధిగా గౌను జేబు తిరగేసి చూపించింది. అప్పుడు గానీ, వరసంతా "మోగింది!" అనలేదు.