బంతి ముట్టని శిక్షణ

స్టామినా మాస్టారికి ఆ పేరు పిల్లలు పెట్టారు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు బస్సులొచ్చిన వేళా, వెళ్ళిన వేళా రాసి రిటైరైన మనిషి. వయసులో ఉన్నప్పుడు డిపో జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు. ఆడాడు అనడం మర్యాద కోసం. బంతి ఆయన కాలికి తగిలిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అలసిపోయిన సందర్భం మాత్రం ఒక్కటీ లేదు. ఆ ఒక్క గొప్పా పట్టుకుని, రిటైరయ్యాక కాలనీ మైదానంలో పిల్లలకు కోచ్‌గా అవతారమెత్తాడు.

ఆయన లెక్కలో మొదటి రెండు నెలలు ఒంటికి, ఆ తర్వాతే బంతికి. పొద్దున్నే మైదానం చుట్టూ ఇరవై రౌండ్లు, మెట్లెక్కి దిగడం, ఆపైన గుంజీలు. బంతులన్నీ వల సంచిలో మూటగట్టి తన కుర్చీ కింద పెట్టుకునేవాడు. ఎవరైనా ఆశగా అటు చూస్తే ఇంకో రెండు రౌండ్లు. రెండు నెలలు నిండేలోపే సగంమంది మానేసేవారు, కొత్తవాళ్ళు చేరేవారు, వాళ్ళతోబాటు అందరి లెక్కా మళ్ళీ మొదటికొచ్చేది. ఏళ్ళు గడిచినా బంతుల మీది రంగు చెరగలేదు. అది తన జాగ్రత్త అని గర్వంగా చెప్పుకునేవాడు.

మైదానం అవతలి మూల స్కూలు వ్యాను నడిపే ఆవిడ ఓ పదిమంది పిల్లల్ని ఆడించేది. ఆవిడ దగ్గరున్నవి అరిగిన బంతులు, నాలుగు ఇటుక ముక్కలు. ఒకరు బంతిని కాలితో తోసుకుంటూ ఇటుకల మధ్య మెలికలు తిరుగుతూ ఉరకాలి, ఇంకొకరు తరిమి లాక్కోవాలి, లాక్కోగానే మూడోవాళ్ళకు పాస్ ఇచ్చి వెనక్కి పరుగెత్తాలి. అరనిమిషం ఆట, అరనిమిషం ఊపిరి. పావుగంటలో పిల్లలు చెమటతో తడిసి ముద్దయ్యేవారు. అయినా ఆపమంటే అలిగేవారు. కాలికి పనితనం, ఒంటికి సత్తువ ఒకేసారి వచ్చిపడుతుంటే మాస్టారికి ఒళ్ళు మంట. రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునుగుతారని, వ్యాను తోలేవాళ్ళకు ఆట సంగతేం తెలుసని కనపడ్డవాళ్ళందరితో అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆయన దగ్గర మూడేళ్ళుగా మానకుండా మిగిలింది సొంత మనవరాలొక్కతే. ఇంట్లో ఉన్న కోచ్‌ని మానడానికి దారేదీ? పట్టణం పిల్లల జట్టులో చేరాలని ఆ పిల్లకు పిచ్చి. బంతి దొరక్క వంటింట్లో బంగాళాదుంపల్ని తన్ని అమ్మచేత తిట్లు తినేది. పన్నెండో ఏడు నడుస్తోంది. ఈసారి ఎంపిక తప్పితే ఆ జట్టుకు వయసు దాటిపోతుంది. దానికి ఊపిరుంది, అది చాలని తాతగారి ధీమా.

ఎంపిక రోజున ఆ పిల్ల ప్రతి బంతి దగ్గరికీ అందరికంటే ముందు చేరింది. చేరాక ఏం చెయ్యాలో తెలియలేదు. బంతి ఒకసారి పిక్కకు తగిలి గీత దాటింది, ఒకసారి మోకాలికి తగిలింది, చాలాసార్లు ఎదుటి జట్టుకే కానుకగా పోయింది. మాస్టారు గీత పక్కన నిలబడి పరుగెత్తమని అరుస్తూనే ఉన్నాడు. పాపం, అది పరుగెత్తుతూనే ఉంది. వ్యాను ఆవిడ ఆడించే పిల్లల్లో ఇద్దరికి చోటు దొరికింది. వాళ్ళూ చివరిదాకా రొప్పలేదు.

ఎంపిక చేసే పెద్దాయన మర్యాదగా దగ్గరికొచ్చి, పాపను పరుగుపందేల్లో చేర్పించమని చెప్పి వెళ్ళాడు. సిగ్గులేని మాస్టారు దాన్ని కూడా మెప్పు అనుకుని, విన్నావా అన్నట్టు మనవరాలివైపు తిరిగాడు.

ఆ పిల్ల ఏడవలేదు. బూట్లు విప్పుకుంటూ అడిగింది.

"తాతయ్యా, నీకసలు బంతి ఆడటం వచ్చా?"

క్రమశిక్షణ గురించి చెప్పబోయాడు. ఆ పిల్ల కళ్ళలోకి చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయనకు ఆయాసం వచ్చింది.

"రాదమ్మా," అన్నాడు.

"మరి మూడేళ్ళ కిందటే చెప్పొచ్చుగా," అంది మనవరాలు. "వ్యాన్ అక్క దగ్గర చేరేదాన్ని."