‘ఇప్పుడే’ అన్నది నేనే

గల్ఫ్‌లోని రాస్ లఫాన్‌లో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ దగ్గర ఒక మనిషి కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. ఆ రోజు అతని మీద సూపర్‌వైజర్‌ని నేను. తప్పు అతనిదేనని కంపెనీ కాగితాల్లో ఉంది. అతని ఊళ్ళో కూడా అలాగే అనుకుంటున్నారు. అది నిజం కాదని ఆరేళ్ళుగా నాకు తెలుసు.

నేను దక్షిణాఫ్రికావాణ్ణి. పుట్టింది డర్బన్‌లో. మా ముత్తాత చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్ళినవాడు. ఏ ఊరినుంచి వెళ్ళాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక్కడ నేనుండే పేట అల్ హిలాల్‌లో మా పక్క ఫ్లాట్ హైదరాబాదువాళ్ళు చేరిన కొత్తలో, “మీదే ఊరండీ?” అని అడిగారు. డర్బన్ అన్నాను. “అది సరేనండీ, అసలు ఊరు?” అన్నారు. డర్బన్ అనే మళ్ళీ అన్నాను. ఆ తర్వాత వాళ్ళు నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవారు.

నా తెలుగంతా నాయనమ్మ తెలుగు. ఆవిడ పోయాక దాన్ని మాట్లాడే అవసరమే లేకపోయింది. మళ్ళీ నోరు విప్పింది ఇక్కడ, సైటులో. మొదటిరోజు ఒక కార్మికుణ్ణి, “నాయనా, ఆ నిచ్చెన కాస్త ఇటు తెస్తావా?” అని అడిగితే చుట్టూ ఉన్న జగిత్యాల, నిజామాబాదు మనుషులు పనాపి మరీ నవ్వారు.

“అరే, సారు మా అవ్వ లెక్క మాట్లాడుతుండు రా!”

ఆ నవ్వు నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. ఇక్కడ నన్ను చూసి పరాయివాడనుకోకుండా నవ్వింది వాళ్ళే. తెలుగు చదవడం, రాయడం కూడా వాళ్ళ మధ్య ఉన్నాకే పట్టుబట్టి నేర్చుకున్నాను.

ఇక్కడ మా దేశపు అలవాటొకటి చెప్పాలి. మా ఇంగ్లీషులో ‘జస్ట్ నౌ’ అంటే ఇప్పుడు కాదు. కాసేపాగి అని. అరగంట కావచ్చు, సాయంత్రం కావచ్చు. ఆ మాట మా ఇంటి తెలుగులోకీ దిగిపోయింది. నాయనమ్మ “ఇప్పుడే వడ్డిస్తాను” అందంటే అప్పటికి బియ్యం కూడా కడగలేదని మాకు తెలుసు. మిగతా తెలుగువాళ్ళకి ఇప్పుడే అంటే ఈ క్షణమే అని నాకెవరూ చెప్పలేదు. చెప్పలేదని రాసుకుంటే సుఖంగానే ఉంటుంది కానీ, ఒకసారి “బస్సు ఇప్పుడే వస్తుంది” అని నేనంటే ఒక జట్టు ముప్పావుగంట ఎండలో నిలబడింది. “సారుకు గడియారం లేనట్టున్నది” అన్నాడొకాయన. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. అప్పుడైనా ఆలోచించాల్సింది.

వేళ్ళు పోయిన మనిషి ఆ బస్సు సంగతి జరిగాక రెండు నెలలకు వచ్చాడు. జగిత్యాల దగ్గర పల్లె. ముప్పై దాటిన మనిషి, ఫిట్టర్‌కి హెల్పర్. మా కంపెనీలోనే పరంజాలు కట్టే అతని బావ, అంటే అక్క మొగుడు, వీసా ఇప్పించి తెచ్చాడు.

ఆ గదిలో రెండు ఫ్యాన్లు ఉండేవి. ఒకటి తిరుగుతుంటే రెండోది ఊరికే ఉంటుంది. తిరిగేది ఆగిందంటే ఊరికే ఉన్నది తనంతట తనే మొదలవుతుంది. ఊరికే ఉన్నదానికి బెల్టు మార్చాలి. చెయ్యి పెట్టేముందు ప్యానెల్ గదిలో దాని కరెంటు ఆపి తాళం వేయాలి. పనిచేసే మనిషి తన తాళం కూడా తనే వేసుకోవాలన్నది రూలు. తొందర పనుల్లో మేం సూపర్‌వైజర్ తాళం ఒక్కటే వేసి నడిపించేవాళ్ళం. ఆ రోజు తాళం నా జేబులోనే ఉంది.

“కరెంటు బంద్ జేసిండ్రా సారూ?” అన్నాడు.

అప్పుడే రేడియోలో నన్ను గేటు దగ్గరికి రమ్మంటున్నారు, ఏదో సామాను వచ్చిందని.

“ఇప్పుడే ఆపేస్తాను నాయనా. నువ్వు బెల్టు మీది జాలీ విప్పుతూ ఉండు,” అని గేటుకు వెళ్ళిపోయాను. వచ్చాక ఆపుదామని నా ఉద్దేశం. సారు నేరుగా ప్యానెల్ గదికే పోయాడని అతను అనుకున్నాడు. అలాగే కదా అనుకోవాలి! జాలీ బోల్టులన్నీ నిదానంగా విప్పాడు. ఆపాటికి కరెంటు పోయే ఉంటుందని బెల్టు మీద చెయ్యి వేశాడు. అదే సమయానికి అవతల తిరుగుతున్న ఫ్యాన్ ఆగింది.

నేను గేటు దగ్గర సామాను కాగితం మీద సంతకం పెడుతున్నాను.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. విచారించేది మా సేఫ్టీ పెద్ద. ఆయనదీ మా దేశమే, ప్రిటోరియా. చాలా శుక్రవారాలు ఆయన ఇంటి వెనక బొగ్గుల మీద మాంసం కాల్చుకుని కలిసి తిన్నాం. కార్మికుడికి ఇంగ్లీషు రాదు, ఆఫీసులో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి అతని మాటలు ఇంగ్లీషులో చెప్పమని నన్నే కూర్చోబెట్టారు. ఇది ఎంత తప్పో ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

కట్టుకట్టిన చెయ్యి గుండెలకానించుకుని అతను చెప్పాడు. “సారు ఇప్పుడే బంద్ జేస్త అన్నడు. గందుకే చెయ్యి వెట్టిన.”

నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఇప్పుడే అన్నచోట ‘జస్ట్ నౌ’ అన్నాను.

సేఫ్టీ పెద్ద కలం కింద పెట్టాడు. “జస్ట్ నౌ అన్నావు. అంటే తర్వాత ఆపుతానన్నావు. అది విని కూడా చెయ్యి పెట్టాడా ఇతను?”

అతని నోటిమాటే, నా నోట్లోంచి వెళ్ళి, అతని తప్పొప్పుకోలు అయిపోయింది. ఒక్కసారిగా ఆ మాట రెండు వైపులా నాకు కనబడింది. అయ్యా, ఇతను చెప్పేది ఆ అర్థం కాదు అని ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం అన్నానంటే తర్వాతి ప్రశ్న తాళం గురించే. నేను బల్లకేసి చూస్తూ కూర్చున్నాను.

“ఎందుకు ఆగలేదో అడుగు,” అన్నాడాయన.

“ఎందుకు ఆగలేదు నాయనా?”

“ఆగిన గద సారూ. బోల్టులన్ని ఇప్పేదాంక ఆగిన.”

అదీ ఇంగ్లీషులో చెప్పాను. ఆ రోజు నేను ఒక్క అబద్ధం ఆడలేదు. చాలా ఏళ్ళు దీన్నే పట్టుకుని నిద్రపోయాను.

అతను కాగితాల మీద ఎడమ బొటనవేలి ముద్ర వేశాడు. గేట్ పాస్ రద్దు చేసి ఇంటికి పంపేశారు. వెళ్ళేముందు నన్ను వెతుక్కుంటూ వచ్చి, “మీరు ఉండవట్టి నా మాట జెప్పుకున్న సారూ. లేకుంటె నా గోస ఎవలకు ఎరుకయితుండె,” అన్నాడు. నేను అతని భుజం తట్టాను. తట్టిన చేతిని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియదు.

పోయినేడు నిజమంతా రాసి కంపెనీకి పంపాను. ఫైలు మూసేశామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. సేఫ్టీ పెద్ద ఎప్పుడో దేశం వెళ్ళిపోయాడు. ఇంకెవరికి చెప్పను? చివరికి ఒక శుక్రవారం మధ్యాహ్నం బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపుకు, అతని బావ ఉండే గదికి వెళ్ళాను. బావ మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

“గా ఆఫ్రికా సారేనా! రాండ్రి, కూసోండ్రి. చాయ్ తాగుతరా?”

చెప్పాను. తాళం, గేటు, ఆ మాటకు మా దేశంలో అర్థం, విచారణ, అన్నీ. కత్తి పళ్ళెంలో పెట్టాడు.

“అంటే మావోడు తొందరవడలే?”

“లేదు.”

“ఆరేండ్ల సంది వాన్ని తొందరపోతోడు అంటున్న సారూ. ఊరంత గదే పేరు వెట్టిండ్రు. దుబాయ్‌ల మిషిన్ల చెయ్యి వెట్టినోడంట, వాన్ని పనికి పిలువకుండ్రి అని. గా మాట మొదలు నేనే అన్న. వీసా తెచ్చినందుకు నా ఇజ్జత్ పోయిందని.” నవ్వాడు. “మంచిగ జెప్పినవ్ సారూ ఇంగ్లీషుల. శబ్బాష్.”

అక్కడికక్కడే బామ్మర్దికి వీడియో కాల్ కలిపాడు. అతను మనిషి చిక్కిపోయాడు. “బాగున్నరా సారూ? ఇంకా గాడనే ఉన్నరా?” అన్నాడు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. విన్నంతసేపూ అతను నా మొహంకేసి చూడలేదు.

“గప్పుడెందుకు జెప్పలే?”

“భయపడ్డాను.”

“ఏం భయం సారూ?”

“ఉద్యోగం పోతుందని.”

“నాకు గూడ గదే ఉండె గద సారూ,” అన్నాడు. తెర మీద ఇంటి పైకప్పు కనబడింది, తర్వాత ఏమీ లేదు.

బావ ఫోను జేబులో పెట్టుకున్నాడు. “నోటిమాట ఎవలన్న మారుస్తరు. రాసియ్యుండ్రి. ఇంగ్లీషు కాదు, తెలుగుల. ఊరి వాట్సాప్ గ్రూపుల పెడ్త.”

నాలుగు రోజుల్లో రాసి ఇచ్చాను. చదివి, “ఇండ్ల మీ ఏడుపే ఎక్కువున్నది. మావోని గురించి రాయుండ్రి,” అని వెనక్కి ఇచ్చాడు. తిరిగి రాశాను. దాన్నతను బామ్మర్దికి పంపాడు. వాడు ఊ అంటేనే గ్రూపులో పెడతానన్నాడు. అది న్యాయమే.

రెండు నెలలైంది. అతను ఊ అనలేదు, వద్దనీ అనలేదు. నేను చేస్తే ఫోను ఎత్తడు. అతని అనుమతి లేకుండా ఊరి పేరు, మనిషి పేరు ఇక్కడ రాయడానికి నాకు హక్కు లేదు. పేరు లేని ఈ నిజం అతనికి ఒక్కరోజు పని కూడా ఇప్పించదని తెలుసు. రోజూ డ్యూటీ దిగి బస్సు ఎక్కాక ఒకసారి ఫోను చేస్తాను. మోగి మోగి ఆగిపోతుంది.