ఊ కొట్టే చక్రవర్తి

మా బావ పార్సిల్ గోడౌన్‌లో పనిచేస్తాడు. వచ్చిన పెట్టెను స్కానర్‌కు చూపించి, అది ఏ ఊరి బెల్టు మీదికి వెళ్లాలో తేల్చడం ఆయన ఉద్యోగం. పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, భోంచేసి, పడకగది కిటికీ పక్కనున్న బల్ల ముందు కూర్చున్నాడంటే ఇక ఆ మనిషి మనకు దక్కడు. అక్కడ కంప్యూటర్‌లో ఆయనకొక విశ్వం ఉంది. దాన్ని సృష్టించిందీ ఆయనే, ఊడ్చి తుడిచేదీ ఆయనే.

ఆ విశ్వం పేరు 'దూరపు రాజ్యం'. ఆడేవాడు చక్రవర్తి. గ్రహాలు పట్టుకోవాలి, నౌకలు కట్టుకోవాలి, పక్క రాజ్యాల మీద దండెత్తి గెలవాలి. ఇలాంటి గేమ్‌లు తయారుచేయడానికి పెద్ద కంపెనీలు మేడల నిండా మనుషుల్ని పెట్టుకుంటాయట. మా బావ పెట్టుకున్నది ఒక కుర్చీ, దానికి ఒక కాలు కురచ. లెక్కలు ఆయనే రాశాడు, సంగీతం ఆయనే కట్టాడు, బొమ్మలూ ఆయనే గీశాడు. బొమ్మల సంగతి ఎత్తకపోవడం మంచిది. శత్రు సేనాధిపతిని చూపించి ఈ సొరకాయ ఎవరని అడిగినందుకు ఆయన నా మీద చాన్నాళ్లు అలిగాడు.

ఇక యుద్ధం. ఈ గేమ్‌లో సైన్యాలు అచ్చం పార్సిళ్లలాగే నడుస్తాయి. శత్రువు గ్రహం మీ పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉందనుకోండి. అయినా మీ నౌకలు నేరుగా అక్కడికి వెళ్లవు. ముందు నక్షత్రమండలం నడిమధ్యలో, అన్నీ వచ్చి చేరే హబ్‌కు వెళతాయి. అక్కడ సైన్యాన్ని దించి, లెక్కపెట్టి, మళ్లీ ఎక్కించి, అప్పుడు శత్రువు మీదికి తోలతారు. తీరా వెళ్లాక శత్రువు ఇంట్లో లేకపోతే 'మీ కోసం వచ్చాం, మీరు లేరు' అని చీటీ అంటించి వెనక్కి వచ్చేస్తారు. మూడుసార్లు అలా జరిగితే యుద్ధం రద్దు.

ఇదేం యుద్ధం బావా అని నేను తల పట్టుకుంటే ఆయన నావైపు జాలిగా చూశాడు. పక్క వీధికి పంపే పెట్టె అయినా హబ్‌కు వెళ్లే రావాలనీ, ఎవరికి వాళ్లు అడ్డదారిన పంపుకుంటే గోడౌన్ మొత్తం కుప్పకూలుతుందనీ, విశ్వమైనా అంతేననీ పాఠం చెప్పాడు. ఆ నమ్మకంతోనే ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కుర్చీ వెనక, గుమ్మం దగ్గర, అన్నేళ్లూ నిలబడింది మా అక్క. తను కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా జనం ముక్కుల మీద ఫ్రేములు పెట్టి, ఏది పెట్టినా అందంగా లేని వాళ్లకు ఏదో ఒకటి బాగుందని ఒప్పించి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. చేరగానే చేతిసంచీ కూడా దించకుండా ఆ గుమ్మానికి ఆనుకుని ఆ రోజు సంగతులన్నీ ఏకరువు పెడుతుంది. మా అక్క నోరు మా ఇంటి మొత్తానికి పేరున్న నోరు. ఒక్క మాట అంటే మర్నాటికి గానీ తగిలిన చోటు తెలియదు. అంత నోటికి మా బావ స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా ఇచ్చే జవాబు ఒకటే. "ఊ."

గోడకు చెప్పుకున్నా నయమని అక్క నాతో చాలాసార్లు అంది. గోడ కనీసం విన్నట్టు నటించదు కదా అనేది. అయినా చెప్పడం మానలేదు.

గేమ్ పూర్తయి, ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాక కొన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత గేమ్‌ల మీద వీడియోలు చేసే ఒకతని కంట పడింది. పెద్ద గడ్డం ఉంటుంది కాబట్టి ఇంట్లో మేమతన్ని గడ్డం అనే పిలుస్తున్నాం. అతను బాగుందంటే జనం ఎగబడతారు, పెదవి విరిస్తే ఆ గేమ్ పని అంతే. 'దూరపు రాజ్యం: బలాలు, లోపాలు' అని వీడియో పెట్టాడు. ఆదివారం పొద్దున్నే చూసి, ఆ సంతోషంలో నేను ఫోన్ పట్టుకుని అక్క వాళ్ల వంటింటికి పరిగెత్తాను. బావ గోడౌన్‌లో ఉన్నాడు. అక్క సింకు దగ్గర కప్పులు కడుగుతోంది.

లోపాలు చెప్పడానికే గడ్డానికి సగం వీడియో పట్టింది. హబ్, చీటీలు, సొరకాయ, దేన్నీ వదల్లేదు. అక్క హాయిగా నవ్వుతూ విన్నది. తర్వాత అతను గొంతు మార్చి, ఇన్ని లోపాలున్నా ఈ గేమ్‌ను వదలబుద్ధి కావడం లేదన్నాడు. కారణం చక్రవర్తికి సలహాలిచ్చే ముసలి మంత్రి. అంతరిక్షంలో ఇంత వాడి నోరు తాను ఎక్కడా చూడలేదంటూ మంత్రి మాటలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు.

చక్రవర్తి దండయాత్రకు బయల్దేరితే మంత్రి అంటాడు: "వెళ్లిరండి. మీరు లేకపోతే ఆగిపోయే పనేదీ ఇక్కడ లేదు." ఏదో గ్రహంలో తిరుగుబాటు వస్తే అంటాడు: "ఇది ఇవాళ మొదలవలేదు. మీకు ఇవాళ తెలిసింది." నౌకలన్నీ పోగొట్టుకుని తిరిగొస్తే: "ముందే చెప్పానని నేననను. చెప్పాను, అంతే."

మూడో మాటకు అక్క చేతిలో కప్పు తిరగడం ఆగిపోయింది. గడ్డం ఇంకొకటి చదివాడు. "మీరు వింటారని కాదు. నా గొంతు నాకైనా వినపడుతుందని చెబుతున్నాను." ఇది చదివి పడీపడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. మా అమ్మ చనిపోయిన వారంలో, అక్క ఆ గుమ్మంలో నిలబడి అమ్మ సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో అన్న మాట అది. ఆ పూట నేను పక్క గదిలోనే ఉన్నాను.

"ఆ మాటకు వాళ్ల రాజు ఏమంటాడు?" అని అడిగింది అక్క.

ఏమీ అనడని చెప్పాను. మంత్రి మాటయ్యాక స్క్రీన్ మీద ఒక బటన్ వస్తుంది, అది నొక్కితే మంత్రి వెళ్లిపోతాడు. దాని మీద ఏం రాసుందని అడిగింది. నేను ఫోన్ వెనక్కి తీసుకోబోయాను. తనే తడిచేత్తో ఫోన్ లాక్కుని చూసుకుంది. 'ఊ' అని రాసుంది.

ఆ రోజు నుంచి అక్క బావతో మాట్లాడటం మానేసింది. దెబ్బలాట లేదు, తలుపులు విసరడం లేదు. సాయంత్రం వచ్చి, ఆ గుమ్మం దగ్గర ఆగకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇంట్లో ఇంత ప్రశాంతంగా ఉందేమిటని మా బావ మొదట్లో తెగ సంబరపడ్డాడు. పని బాగా సాగుతోందని నాతో చెప్పుకున్నాడు కూడా. ఈలోగా అక్క వాళ్ల దుకాణం యజమాని వేరే ఊళ్లో తెరుస్తున్న కొత్త దుకాణాన్ని నువ్వే చూసుకోవాలని మళ్లీ అడిగాడు. వెళితే అక్కడే ఇల్లు తీసుకుని ఉండాలి. ఎప్పుడడిగినా కుదరదని ముఖం మీదే చెప్పే మనిషి ఈసారి ఆలోచించుకుంటానంది.

బావ బాధ వేరే. గేమ్ ఆడేవాళ్లంతా మంత్రి ఇంకా మాట్లాడాలని అడుగుతున్నారు. ఆయన సొంతంగా రాయబోయాడు. "గౌరవనీయులైన చక్రవర్తి గారూ, మీ నౌక రవాణాలో ఉంది, దయచేసి వేచి ఉండండి." ఇలాంటివే వచ్చాయి. అప్పుడు కుర్చీ కాస్త గుమ్మం వైపు తిప్పుకుని అక్క కోసం ఎదురుచూశాడట. అక్క రావడం, చూడకుండా వెళ్లిపోవడం. చివరికి నా దగ్గరికొచ్చాడు.

"మీ అక్క ఏమీ అనడం లేదోయ్" అన్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

ఆయనకు తెలియదు. నిజంగానే తెలియదు. గోడౌన్‌లో ఏ పెట్టె ఏ బెల్టు మీద ఆగిందో క్షణంలో చెప్పే మనిషి, పెళ్లాం మాట ఎప్పుడు ఆగిందో చెప్పలేకపోయాడు. నాకు ఒళ్లు మండి ఉన్నదున్నట్టు కడిగేశాను. గడ్డం వీడియో, అమ్మ చనిపోయిన వారం అన్న మాట, వేరే ఊళ్లో దుకాణం, అన్నీ. నన్ను వెంటబెట్టుకునే ఇంటికి నడిచాడు. ఒక్కడే వెళ్లే ధైర్యం లేక కాబోలు.

అక్క బట్టలు మడతపెడుతోంది. బావ గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి నిలబడటం ఆయన వంతు. తాను విననిది ఒక్కటీ లేదన్నాడు. విన్నానని చూపించడానికి ఏ మాట ఏ పూట అందో వరసగా చెప్పడం మొదలుపెట్టాడు, దుకాణంలో ఫ్రేము నిలవడానికి ముక్కే లేని కొనుగోలుదారు సంగతితో సహా. ఆ జ్ఞాపకశక్తికి నేను నోరు వెళ్లబెట్టాను. అక్క చేతిలోని చొక్కా పక్కన పెట్టింది.

"విన్నారు. విన్నారని ఊరందరికీ తెలిసింది, నాకు తప్ప" అంది. "అమ్మ గురించి చెబుతూ అన్న మాటకు ఆ గడ్డం నవ్వాడు. నేను ఎవర్నీ నవ్వించడానికి అనలేదది."

బావ తీసేస్తానన్నాడు. ఇప్పుడే తీసేస్తానని కంప్యూటర్ వైపు ఒక అడుగు వేశాడు. లోపం అంటే దిద్దడం ఒక్కటే తెలుసు ఆయనకు. అక్క మళ్లీ చొక్కా అందుకోవడం చూసి ఆగిపోయాడు. వెనక్కి వచ్చి, మంచం అంచున, మడత పెట్టిన బట్టల పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు మీ అమ్మగారి గురించి చెబుతూ మధ్యలో ఆపేశావు. ఆ తర్వాత ఏం చెప్పాలనుకున్నావు?" అని అడిగాడు.

అక్క కళ్లు నిండాయి. నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. వీధి చివర దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లాను. కిటికీలోంచి అక్క గొంతే వినిపిస్తూ ఉంది.

వేరే ఊరి దుకాణం ఇంకెవరో చూసుకుంటున్నారు. గేమ్‌కు ఈమధ్యే కొత్త అప్‌డేట్ వచ్చింది. యుద్ధం అలాగే హబ్ మీదుగా నడుస్తోంది, దాని జోలికి ఆయన పోలేదు. మంత్రి నోట్లోంచి ఆ ఒక్క మాట తీసేశాడు, కొత్తది ఒక్కటీ చేర్చలేదు. గడ్డం మళ్లీ వీడియో పెట్టాడు. మంత్రి మూగవాడైపోయాడనీ, తయారుచేసిన ఆయన దగ్గర సరుకు అయిపోయినట్టుందనీ, ఈ గేమ్‌లో ఇంతకంటే పెద్ద లోపం లేదనీ తేల్చేశాడు.

నేను ఆ వీడియో ఇద్దరికీ వినిపించాను. వంటింట్లో ఉన్నాం. అక్క కప్పు కింద పెట్టి, గడ్డాన్నీ బావనూ కలిపి ఒక్క మాట అంది. బావ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ ఒక్క మాట మంత్రి నోట్లో పెడితే గడ్డం ఇంటికొచ్చి కాళ్ల మీద పడతాడని నేనన్నాను.

"అది నాతో అన్న మాట" అన్నాడు బావ.

అందుకే అదేమిటో నేనూ ఇక్కడ రాయడం లేదు.