ఈశాన్యం వాటం

ఇల్లు కట్టుకోబోయే చోట నాలుగు ట్రాక్టర్ల మట్టి పడిందంటే చాలు, మన వైపు చుట్టాలంతా దిగబడతారు. "ఇంకో అడుగు లేపించండి" అని ఒకరు, "ఇది బుసక మట్టా? ఉత్త దుమ్మండీ బాబూ" అని ఒకరు తలా ఒక సలహా పారేసి, టీలు తాగి పోతారు. వీరవేణి స్థలం మెరక చేయిస్తుంటే ఆ సలహాలిచ్చే దిక్కు కూడా లేదు. గొడుగు వేసుకుని గట్టు మీద తనొక్కతే నిలబడి, వచ్చిన ప్రతి ట్రాక్టరుకీ "అదిగో, ఆ మూల పోయండి బాబూ" అని చెబుతూ ఉండేది.

తణుకులో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తూనే ఆవిడ వయసంతా గడిచిపోయింది. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు ఇంకొకావిడతో కాపురం పెడితే, పుట్టింటివాళ్ళు సర్దుకుపొమ్మన్నారు. ఆవిడ చీరలు సర్దుకుని వచ్చి హాస్టల్ వంటగదిలో చేరింది. పక్కనున్న సామాన్ల గదే ఇల్లు, బియ్యం బస్తాల మధ్యే పడక. "వేణమ్మా, ఇంకో గరిటె" అంటూ ఎంతమంది పిల్లలు ఆ చేతి వంట తిని పెరిగారో! వెళ్ళేటప్పుడు ఏడ్చేవాళ్ళు కూడా, పాపం. ఏడ్చినంత మాత్రాన మళ్ళీ వచ్చి చూడాలని ఎక్కడుంది? ఉద్యోగం అయిపోయిన రోజున ఆవిడకి శాలువా కప్పారు, ఆ తర్వాత గది తాళంచెవి అడిగి తీసుకున్నారు.

అప్పుడు పట్టింది పంతం. ఊరి చివర, మొన్నమొన్నటి దాకా వరిచేనుగా ఉన్న చోట ఈ కాస్త స్థలం కొనుక్కుంది. పక్క వీధిలో గది అద్దెకి తీసుకుని, "చస్తే నా ఇంట్లో చస్తాను గానీ ఇంకొకరి గదిలో చావను" అనేది. ఎవరితో అనేది? సంపూర్ణమ్మతో.

సంపూర్ణమ్మది వీరవేణి స్థలానికి సరిగ్గా ఈశాన్యం మూలనున్న పాత పెంకుటిల్లు. పల్లంలో ఉంటుంది. ఊడ్పుల్లోనూ కోతల్లోనూ మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి, ఇప్పుడు ఆదివారం చర్చికి తప్ప గడప దాటదు. వీరవేణి రోజూ వచ్చి ఎండలో నిలబడటం చూసి, "ఏంటండీ ఆ నిలబడ్డం, పోలీసు డ్యూటీయా?" అంటూ కంచె మీదుగా కుర్చీ అందించింది. కుర్చీ తర్వాత టీ వచ్చింది, టీ తర్వాత అన్నం వచ్చింది. ఒకావిడ వేణీ అనీ, ఇంకొకావిడ అక్కా అనీ పిలుచుకునేదాకా వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఊరందరి పిల్లలకీ వడ్డించిందే గానీ, "నువ్వు తిన్నావా?" అని వీరవేణిని అడిగిన మనిషి లేదు. ఇల్లు సంగతి అలా ఉంచండి, ఆవిడ పొద్దున్నే పరుగెత్తుకొచ్చేది ఆ ఒక్క మాట కోసమే.

మేస్త్రి వెంకటేష్ పనికి వంక పెట్టడానికి లేదు. పోసిన మట్టికి నీళ్ళు పెట్టి అణగనిచ్చాడు, దిమ్మిసలతో కొట్టించాడు, పైన బ్లేడు ట్రాక్టరుతో చదును చేయించాడు. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం. ఎవరు చేయించినా అంతే చేస్తారు, నీటి వాటం ఈశాన్యానికే ఉండాలి. ఈశాన్యం అవతల ఎవరి పొయ్యి ఉందో వాస్తు చూడదు. పోనీ వీరవేణి చూసిందా అంటే ఆవిడా చూడలేదు! నున్నగా తేలిన నేలని చూసుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది.

ఆ వారంలోనే పట్టపగలు కుండపోతగా వాన పడింది. తెరిపివ్వగానే వచ్చి చూస్తే, సంపూర్ణమ్మ వంటింట్లోంచి బురదనీళ్ళు తోడి పోస్తోంది. పొయ్యి మునిగిపోయింది. మెరక మీద పడ్డ నీళ్ళన్నీ వాటంగా వెళ్ళి ఆవిడ ఇంట్లోనే దిగాయి.

"అయ్యో, అక్కా!" అంటూ వీరవేణి కంచె దగ్గరికి పరుగెత్తింది.

సంపూర్ణమ్మ తల ఎత్తలేదు. "ఏం పర్లేదండి. మీ స్థలం, మీ ఇష్టం," అంది.

ఆ రోజు మూసిన తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. వీరవేణి పులుసు వండి తెచ్చి కంచె రాయి మీద పెడితే అది సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయింది. ఒంటరితనం ఆవిడకి కొత్త కాదు. కానీ ఒక మనిషి మాట మరిగాక మళ్ళీ ఒంటరి కావడం ఉంది చూశారూ, అది ఆవిడ వల్ల కాలేదు. అద్దె గదిలో అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

చివరికి మేస్త్రినీ బ్లేడు ట్రాక్టరునీ మళ్ళీ పిలిపించింది. "వాటం తిప్పేయండి వెంకటేష్ గారూ. నీళ్ళన్నీ ఇటు పడమర రోడ్డు కాలవలోకి పోవాలి. కంచె వారన నీళ్ళు పోడానికి చిన్న బోదె కూడా తీయండి."

"ఈశాన్యం లేపమంటారా? తప్పండీ బాబూ! ఈశాన్యం మెరకైతే సంతానానికి దెబ్బండి."

"ఏ సంతానానికి?"

వెంకటేష్ నాలుక కరుచుకున్నాడు. "అది కాదండి, నైరుతి తగ్గితే ఇంటాయనకి కూడా..."

"ఆయన ఏ ఇంట్లో ఉన్నాడో ఆ ఇంటి వాస్తు చూసుకుంటాడు లెండి."

డ్రైవరు కిసుక్కున నవ్వి, ఆవిడ మొహం చూసి ఆపేశాడు. వీరవేణి గొంతు ఎప్పుడు పెరిగిందో ఆవిడకే తెలియదు. "నాకెవరూ లేరండీ! పిల్లల్లేరు, మొగుడు లేడు, నా అనే మనిషి ఈ భూమ్మీద ఒక్కరు లేరు. చెడిపోడానికి నా ఇంట్లో ఎవరున్నారని మీ వాస్తు? తిప్పండి!"

"రేపేమన్నా అయితే నన్ననకూడదు మరి," అని గొణిగాడు వెంకటేష్.

"అనడానికి కూడా ఎవరూ రారు, భయపడకండి."

ఎన్నేళ్ళుగానో లోపల ఉన్న మాటే గానీ, పైకి అనడం అదే మొదలు. బ్లేడు మట్టిని ఈశాన్యానికి లాగుతున్నంతసేపూ ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని నిలబడింది. పని ముగించి మగవాళ్ళు వెళ్ళిపోయాక, మిగిలిన మట్టి కుప్ప మీద కూర్చుండిపోయింది.

అంతలో సంపూర్ణమ్మ కంచె చుట్టూ తిరిగి, కుంటుకుంటూ వచ్చింది. వీరవేణి గబుక్కున లేచింది. "అక్కా, ఇంక చుక్క నీరు నీ వైపు రాదు."

"నీళ్ళ సంగతి ఎవరికి కావాలే?" సంపూర్ణమ్మ మొహం కందిపోయి ఉంది. "కంచె అవతలే అంట్లు తోముకుంటూ అంతా విన్నాను. అంతమంది మగాళ్ళ ముందు నా అనే మనిషి ఒక్కరు లేరంటావా? మరి నేనెవత్తిని? ఇన్నాళ్ళూ నీకన్నం పెట్టిందెవత్తె? ఇల్లంతా బురదైపోతే నాలుగు రోజులు అలగడానికి కూడా లేదా నాకు? అలిగితే చచ్చినట్టేనా?"

వీరవేణి మట్టి చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సంపూర్ణమ్మ మాత్రం ఆపలేదు. మోకాళ్ళు పట్టుకుని ఆ మట్టి మీదే పక్కన కూలబడి, పొద్దుగూకేదాకా తిడుతూనే కూర్చుంది.