ఇంకొకరి వంటగదిలో నా ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! గడిచిన ఎండాకాలమంతా నా హృదయం చీకటిగా ఉండింది. మేడ్చల్‌లో మేము ఏళ్ల తరబడి కిరాయికున్న ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంటు కడతామని యజమాని చెప్పేసరికి, నా పింఛనుకు అందే రెండు గదుల కోసం నేనూ నా భార్య సుగుణమ్మా శామీర్‌పేట నుండి సూరారం దాకా టులెట్ బోర్డున్న ప్రతి గేటూ తట్టాము, మంచిచోట కిరాయి అందేది కాదు, కిరాయి అందినచోట మా తెల్లజుట్టు అడ్డొచ్చేది! కిరాయిదారు చనిపోతే శవాన్ని తమ గడప లోపల ఉంచకూడదని మన వైపు యజమానులకున్న పట్టింపు మీకు తెలిసిందే కదా.

పేట్ బషీరాబాద్‌లో నర్సమ్మ అనే ఆమె ఇంట్లో మేడమీది పోర్షను మాకు ఎంతో నచ్చింది. తూర్పు కిటికీ ఉన్న వంటగదిలో పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో సుగుణమ్మ వేలుపెట్టి చూపించింది కూడా. నర్సమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏమనుకోకు పెద్దమనిషి, ముసలోల్లకు ఇయ్య. రేపు నీకేమన్నయితే నేనేడికి పోవాలె?" అంది.

ఆ వారమే ఆ పోర్షను ప్రవీణ్‌కు దొరికింది! సూరారంలో ఫ్యాక్టరీ పని చేసుకునే ఆ పిల్లవాడు కిందటేడే బాప్తిస్మం తీసుకున్నాడు. ఒక్క ప్రార్థనకే దేవుడు ఇల్లిచ్చాడని అతడు ఆదివారం సాక్ష్యం చెబితే అందరితో పాటు నేనూ హల్లెలూయా అన్నాను గానీ లోపల మండిపోయాను. అతడు పుట్టకముందు నుండి మోకాళ్లూనుతున్నవాణ్ని నేను! రోజూ డైరీలో దేవునికి కృతజ్ఞతలు రాసుకునే చోట, సంఘంలో ఇల్లు దొరికినవారి పేర్లు రాసి, వీరికంటే నేనేం తక్కువని ప్రభువుతో వాదించాను.

మన సంఘంలో ఎవరు కొత్తింట్లో చేరినా పెద్ద వెళ్లి గదిగదిలో నిలబడి ప్రార్థించాలి, ఆ పని నాది, తప్పించుకోవడానికి లేదు, సుగుణమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ముందుగదిలో అలవాటైన మాటలతో గట్టెక్కాను. వంటగదిలో అడుగుపెట్టేసరికి, సుగుణమ్మ చూపించిన చోటే ప్రవీణ్ భార్య పొయ్యి పెట్టుకుని ఉంది. అందరూ కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారు. చివరికి ఇలా బయటికొచ్చింది:

"ప్రభువా, ఈ ఇల్లు నేను అడిగితే ముసలివాణ్నని ఇయ్యలేదు. ఈ పిల్లలను చూస్తే నా కడుపు మండుతోంది. ఆశీర్వదించడం నా వల్ల కావడం లేదు, నువ్వే ఆశీర్వదించు."

సహోదరులారా, దాచుకున్నదంతా బయటపడ్డాక నా గుండె మీది బండ దిగిపోయింది! ప్రవీణ్ నా చేతులు పట్టుకుని, "పెద్దయ్యా, గీ ఇల్లు మీరు అడిగిన్రని నాకెర్కలేదు. మీరే ఉండున్రి, మేం పాత రూంకే పోతం" అన్నాడు. "వద్దు బిడ్డా, ఇది దేవుడు నీకిచ్చిందే" అన్నాను. ఆ మాట నా నోటి నుండి వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. ఆ ఇద్దరి తలల మీద చేతులుంచి, ఈసారి మనసారా ఆశీర్వదించాను.

గుమ్మంలో నర్సమ్మ నిలబడి ఉంది. "అబ్బో! నా ఇంట్ల నిలవడి నా మీదనే నీ దేవునికి చాడీలు చెప్తున్నవా?" అంది. నేను సిగ్గుతో మెట్లు దిగుతుంటే వెనకనే వచ్చింది.

"మెట్లు దిగనీకే గింత ఆయాసపడ్తున్నవ్, పైన ఇల్లేం జేస్కుంటవయ్యా? కింద నా పక్కపొంటి రెండర్రలు ఖాళీగున్నయి. నీ కిరాయికి సరిపెడ్త. నీ ఇంటామె నాకు ముచ్చటకు తోడుంటది."

"మరి మాకేమన్నయితే?" అని సుగుణమ్మ అడిగేసింది.

"నేనేమన్న పడుసుపిల్లనా? ఎవలు ముందు పోతరో సూద్దాం తియ్యి!"

మేము చేరిన రోజు, నా ఇంటికి నేనే ప్రార్థించుకోకుండా ప్రవీణ్‌ను చేయమన్నాను. నలుగురిలో ఎన్నడూ ప్రార్థించనివాడు, తడబడి తడబడి, "ప్రభువా, పెద్దయ్యను, అమ్మను సచ్చేదాకా గీ ఇంట్లనే సల్లగ ఉంచు" అనేశాడు! సుగుణమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. యజమానురాలు వాకిట్లోనే ఉంది కదా!

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా, వాకిట్లో నుండి నర్సమ్మ "ఆమెన్" అంది.

దేవునికే మహిమ! ఇల్లు దొరకక తిరుగుతున్నవారలారా, పక్కవాడికి దొరికిందని మండిపోతున్నవారలారా, ఆ మంటను కమ్మని మాటల కింద దాచకండి, ఉన్నదున్నట్టు ఆయనకే చెప్పండి. ఆయన వింటాడు, గుమ్మంలో నిలబడినవారికి కూడా వినిపిస్తాడు!