ఆరు రోజుల పునాది

"మావయ్యా, ఇవాళ ఆ మిషన్ తిప్పితే పునాది పగులుతుంది. పగిలితే ఇంక మనమెవరం కోలుకోలేం."

అకౌంట్స్ గది గుమ్మంలో నిలబడి ఆ మాట అంది మేనకోడలు. ఎనిమిది నెలల కూతుర్ని క్రెష్‌లో దింపి నేరుగా ఇక్కడికే వచ్చింది. ఆ అట్టపెట్టెల కంపెనీలో పరీక్షల గది ఆమెది. అట్ట ఎంత బరువుకి చిరుగుతుందో, ఎంత తేమకి మెత్తబడుతుందో తేల్చి చెప్పడం ఆమె పని. చదివింది రసాయనశాస్త్రం. ఏది ఎప్పుడు విరుగుతుందో లెక్కగట్టడం అలవాటైపోయి, పాప తుమ్మినా ఏదో ఒకటి లెక్కగట్టుకుని బెంగపెట్టుకునేది.

మావయ్య తలెత్తలేదు. కంపెనీలో ముప్పైమందికీ ఆయన పెన్సిల్ మావయ్యే. నిజంగా మేనమామ అయింది మాత్రం ఈమెకొక్కదానికే. ఇరవై రెండో ఏట లారీల దగ్గర పెట్టెలు లెక్కపెట్టే గుమాస్తాగా చేరి, ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత అకౌంట్స్ గది దాకా వచ్చాడు. ఆ రెండింటికీ మధ్య దూరం నలభై అడుగులు. "ఏడాదికి అడుగుంపావు చొప్పున ఎదిగాను, నన్నెవరూ తొందరపెట్టలేదు" అని తనమీద తనే నవ్వుకునేవాడు. ఏ లెక్కయినా ముందు పెన్సిల్‌తో వేసి, ఒక రాత్రి దాన్ని నిద్రపోనిచ్చి, మర్నాడు మళ్ళీ చూసి గానీ పెన్ను ముట్టుకునేవాడు కాదు. ఆ పేరు అలా వచ్చింది.

ఒక్కసారి మాత్రం ఆ నియమం తప్పాడు. ఈ మిషన్ విషయంలోనే.

అంతకు నాలుగు నెలల ముందు సంగతి. అట్ట చేసే పాత మిషన్ వారానికి మూడుసార్లు మొరాయిస్తోంది. మందుసీసాల కంపెనీవాళ్ళు పెట్టెలు రెట్టింపు కావాలన్నారు. ఆ ఏడు లాభమూ బాగానే వచ్చింది. యజమానిని అందరూ పెద్దాయన అంటారు. లాభం చూసి సంతోషించాల్సిన మనిషి పన్ను తలచుకుని నిట్టూర్చాడు. పరీక్షల కాగితాలు ఇవ్వడానికి వెళ్ళిన మేనకోడలు అక్కడే ఉంది.

"పన్నంటే అంత భయం దేనికండీ?" అన్నాడు మావయ్య. "సర్కారు మన కంపెనీలో ఒక వాటాదారు, అంతే. పొద్దున్నే వచ్చి గేటు తియ్యదు, పెట్టుబడి పెట్టదు. లాభమొస్తే పావు వంతు పట్టుకుపోతుంది. నష్టమొస్తే మాత్రం గుమ్మంలోనే నిలబడి, 'రాసిపెట్టుకోండి, లాభమొచ్చిన ఏడు తగ్గించుకుందురుగాని' అంటుంది."

"అచ్చం మా తోడల్లుడే," అన్నాడు పెద్దాయన.

"ఇప్పుడు మిషన్ ధర వంద అనుకోండి. వందా ఇవాళే ఇచ్చేస్తాం. కానీ ఖర్చు కింద ఒక్కసారే ఒప్పుకోరు. ఏటా పది చొప్పున పదేళ్ళు. డబ్బు ఒక్కపూటలో పోతుంది, పన్ను తగ్గడమేమో పదేళ్ళపాటు చుక్కచుక్కగా వస్తుంది. అందుకే జనం కొత్త మిషన్లు కొనడానికి వెనకాడతారు. ఆ జంకు పోగొట్టడానికి ఒక వెసులుబాటు పెట్టారు. ఈ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా పని మొదలుపెట్టిన మిషన్‌కయితే ధరలో సగం మొదటేడే లాభంలోంచి కోసుకోవచ్చు. యాభైలో పావంటే పన్నెండున్నర. అంతా మనకి మిగిలినట్టే."

పెద్దాయన మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి మావయ్యకీ హుషారొచ్చింది. జేబులోంచి పెన్ను తీసి, ఆ పన్నెండున్నరని అక్కడికక్కడే సిరాతో రాసి చేతిలో పెట్టాడు. బ్యాంకు అప్పు ఆ కాగితం బలంతోనే వచ్చింది.

తీరా మిషన్ రావడం ఆలస్యమైంది. పునాది కాంక్రీటు పోసేసరికి సంవత్సరాంతానికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి.

"మొదలైందని రాసెయ్ మావయ్యా, ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాడు పెద్దాయన.

"నడవనిదాన్ని నడిచిందని నేను రాయను. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నారుగా నన్ను."

"సరే, నీ సత్యానికి భంగమెందుకు? నడిపిద్దాం. ఒక్క గంట. మొదలెట్టామా అంటే మొదలెట్టాం."

ఆ గంట ఈరోజే. ఏడాది చివరి రోజు.

"సిమెంటు ఎండి గట్టిపడదు మావయ్యా," అంది మేనకోడలు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నీళ్ళతో కలిసి లోపల్లోపల మారుతూ గట్టిపడుతుంది. దానికి రోజులు కావాలి. పూర్తి బలానికి ఇరవై ఎనిమిది రోజులు. ఆరు రోజులకి సగం పైన ఉంటుందేమో, అంతే. పైగా అది ఊరికే నిలబడే బరువు కాదు, అదిరే బరువు. బోల్టుల చుట్టూ పట్టు వదిలేస్తుంది."

"మేస్త్రీ పరవాలేదన్నాడే."

"ఆయన అరుగులు కట్టే మేస్త్రీ. అరుగు అదరదు."

మావయ్య పెన్సిల్ కింద పెట్టేశాడు. తను అబద్ధం రాస్తే మిషన్ బతుకుతుంది. రాయకపోతే ఇప్పుడే తిప్పుతారు. రెండూ వద్దని చెప్పాలంటే పన్నెండున్నర వదులుకోమనాలి. వస్తుందని ఆశపెట్టింది తనే. లేచాడు.

షెడ్డులో ఫోర్‌మన్ అప్పటికే స్విచ్చు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అయ్యా, వద్దండీ," అన్నాడు మావయ్య. "వెసులుబాటు పోతే పోయింది. అమ్మాయి చెప్పేది వినండి."

పెద్దాయన మేనకోడలి వైపు చూసి చిన్నగా నవ్వాడు. "నీకు భయమెక్కువమ్మా. పాప పుట్టాక మరీను. ఆలస్యం అమృతం విషం అన్నారు. పన్నెండున్నర ఊరికే పోతుందా? మీ మావయ్యే రాసిచ్చాడు."

పెద్దాయన ఫోర్‌మన్‌కి చెయ్యూపాడు.

మిషన్ తిరిగింది. మొదటి పావుగంట గడియారంలా నడిచింది. చూశావా అన్నట్టు ఫోర్‌మన్ కళ్ళెగరేశాడు. ఇరవయ్యో నిమిషంలో అట్ట ఒక పక్కకి లాగడం మొదలెట్టింది. యాభయ్యో నిమిషంలో నేలలోంచి పిడికిలితో తలుపు గుద్దినట్టు చప్పుడొచ్చింది. ఆపేసి వంగి చూస్తే, కుడివైపు రెండు బోల్టుల మధ్య వెంట్రుకంత బీట. మేనకోడలు దానిమీద వేలు పెట్టింది. సాయంత్రానికి ఆ బీటలో వేలిగోరు దూరింది.

పునాది తవ్వేసి మళ్ళీ పొయ్యాల్సొచ్చింది. వంకరపోయిన రోలర్లు వచ్చినచోటికే తిరిగివెళ్ళాయి. నాలుగు నెలలు. మందుసీసాలవాళ్ళు రెండు నెలలు ఓపికపట్టి ఇంకో కంపెనీ చూసుకున్నారు. పదకొండుమందిని ఇంటికి పంపారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఫోర్‌మన్ అందరి ముందూ అన్నాడు, మావయ్య వినేలాగే.

వెసులుబాటు మాత్రం దక్కింది. మిషన్ నడిచిందిగా!

ఆ నెలల్లోనే ఒక మధ్యాహ్నం మావయ్య మేనకోడల్ని పిలిచి ఒక కాగితం చూపించాడు. "పన్నెండున్నర మిగలడం కాదే. ముందుగా రావడం. ఇప్పుడు సగం కోసుకుంటే తర్వాత కోసుకోడానికి సగమే ఉంటుంది. తొందరపడకపోయినా పదేళ్ళలో మొత్తం వందా కోసుకునేవాళ్ళమే, పన్ను పాతికా తగ్గేదే. ముందుగా చేతికొచ్చినందుకు వడ్డీ కలిసొస్తుంది, అంతవరకే. బ్యాంకు వడ్డీతో లెక్కేశాను. వందకి అయిదు కూడా లేదు. ఆ అయిదు కోసం..."

"ఇది పెద్దాయనకి చెప్పకు మావయ్యా. ఉద్యోగం పోతుంది."

"ఆ పదకొండుమందికి పోలేదా?"

అదే కాగితం పట్టుకుని వెళ్ళాడు. పెద్దాయన రెండుసార్లు చదివి, మడిచి సొరుగులో పెట్టాడు. "నువ్వు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు," అన్నాడు. "తెలియకుండా ఉంటేనే బావుండేదేమో." పనిలోంచి తియ్యలేదు. కానీ ఆ తర్వాత మళ్ళీ ఏనాడూ మావయ్యా అని పిలవలేదు. "అకౌంటెంట్ గారూ" అనేవాడు.

మరుసటి ఏడు నష్టం. కోసుకోవాల్సిన భాగం ఉంది గానీ, దేన్నుంచి కోసుకోవాలో ఆ లాభమే లేదు.

ఇప్పుడు ఏ యంత్రం కొనాలన్నా పెద్దాయన మేనకోడల్ని కూడా కూర్చోబెడుతున్నాడు. మొదటిసారి పిలుపొచ్చినప్పుడు ఆమెకి బెంగ పట్టుకుంది. ఈసారి తప్పు తన లెక్కలో దొర్లితే? మావయ్య దగ్గరికి పరుగెత్తింది.

"ముందు పన్నే లేని లోకంలో ఉన్నామనుకుని లెక్కెయ్," అన్నాడాయన. "ఆ లోకంలో కొనకూడని మిషన్‌ని వెసులుబాటు చూసి కొనకు. కొనదగిందే అయితే, అప్పుడు పన్ను పెట్టి చూడు. పావు పోగా మిగిలేది బ్యాంకు వడ్డీకి పైన నిలబడుతుందో లేదో తేల్చుకో. నిలబడకపోతే మానెయ్, సిగ్గేం లేదు. ఇంకోటి. 'మిగులుతుంది' అనేముందు, ఎప్పుడు, ఎన్నాళ్ళకి అని అడుగు. అడిగాక కూడా ఆ రోజు సంతకం పెట్టకు."

ఆమె అలాగే చేస్తోంది. ముందు పన్ను లేని కాగితం, తర్వాత పన్నున్న కాగితం. రెండూ చేతికొచ్చాక కూడా, అవతలివాళ్ళు ఎంత తొందరపెట్టినా, మర్నాడు రమ్మంటోంది.